బండి పళ్లు మీ దగ్గరున్నాయి

గౌరవనీయులైన రాష్ట్ర రవాణా శాఖ మంత్రి శ్రీ మండిపల్లి రాంప్రసాద్ రెడ్డి గారికి,

మీది రాయచోటి. కడప నుంచి మీ ఊరికి పోవాలంటే గువ్వలచెరువు ఘాటు ఎక్కాల్సిందే. అక్కడ పాలకోవా కొట్ల ముందు ఆగిన బొలెరో పికప్పులను, టాటా ఏసులను, దోస్త్ బండ్లను మీరు చూసే ఉంటారు. కోవా కోసం ఆగినవి కొన్ని, ఇంజిన్ కాగి ఆగినవి కొన్ని. బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద తడిగుడ్డ వేసి, డ్రైవరు నీళ్ల బాటిల్ పట్టుకుని దిక్కులు చూస్తుంటే అది రెండో రకం. ఆ రెండో రకం వాళ్ల తరఫున ఈ ఉత్తరం.

నాది డోన్. చిన్నప్పుడు బడి సెలవుల్లో లారీ షెడ్డులో రెంచీలు అందించిన వాణ్ని. తర్వాత చదువు, ఉద్యోగం అంటూ గ్రీజుకు దూరమయ్యాను. అయినా చుట్టాల్లో ఎవరు పాత బండి కొనాలన్నా నన్ను పిలుస్తారు. నేను మా మెకానిక్ మేస్త్రిని పిలుస్తాను. డెబ్బై దాటిన మనిషి, ఒక కన్ను సరిగా ఆనదు. ఆ కన్ను పని కూడా వేళ్లతో చేస్తాడు.

ఆయనతో బండి చూడ్డానికి పోతే తెల్లారకముందే బయల్దేరాలి. పదిగంటలకు రమ్మన్న అమ్మకందారు దగ్గరికి ఆరున్నరకే పోయి నిలబడతాడు. ముందు బానెట్ మీద అరచెయ్యి పెడతాడు. వెచ్చగా ఉంటే వెనక్కి తిరుగుతాడు. "నిద్ర లేపి మొగం కడిగి కూసోబెట్టినార్రా. పడుకున్నప్పుడు సూడాల" అంటాడు. చల్లటి ఇంజిన్ సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుందా, నాలుగుసార్లు ఏడిపిస్తుందా అన్నది తెలియకుండా చేయడానికే పొద్దున్నే ఒక రౌండు తిప్పి పెడతారు. స్టార్ట్ అయ్యాక పొగ గొట్టం వైపు పోతాడు. నల్ల పొగ అయితే పెద్దగా పట్టించుకోడు, ఎయిర్ ఫిల్టరో ఇంజెక్టర్లో అనుకుంటాడు. మా కర్నూలు ఎర్రదుమ్ములో తిరిగే బండికి ఫిల్టరు మూసుకుపోవడం జలుబు లాంటిది. నీలం పొగ వస్తే ఇంజిన్ బోరుకొచ్చినట్టు. తెల్ల పొగ ఎంతకీ ఆగకపోతే లోపల నీళ్లు కాలుతున్నట్టు, హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ మూత తిప్పుతాడు. అక్కడి నుంచి పొగ బుస్సుబుస్సున కొడితే బ్యాక్ కంప్రెషన్ అంటాడు. మూత లోపలివైపు మజ్జిగ మీగడ లాంటిది అంటుకుని ఉంటే ఇంకేమీ అడగడు, "పదండి టీ తాగుదాం" అంటాడు. ఆ మాటకు అర్థం మాకు తెలుసు, అమ్మేవాడికి తెలియదు.

ఇవన్నీ ఏ మెకానిక్ అయినా చూస్తాడు. మేస్త్రి గొప్పతనం బండి కిందికి పోయినప్పుడు తెలుస్తుంది. చాసిస్ పట్టీల లోపలి మూలల్లో పేరుకుపోయిన మట్టిని స్క్రూడ్రైవర్‌తో గీకి అరచేతిలో వేసుకుంటాడు. ఎర్రగా ఉంటే పత్తికొండ, డోన్ వైపు టమాటా మోసిన బండి. నల్లరేగడి అయితే ఆదోని పత్తో, నంద్యాల వైపు వడ్లో మోసింది. బూడిదరంగు పిండి రాలిందంటే మాత్రం బేతంచెర్లో, కొలిమిగుండ్లో, ఎర్రగుంట్లో. అది నాపరాయి పొడి. "ఇది బండల బండి" అనేసి లేచి ధూళి దులుపుకుంటాడు.

మంత్రి గారూ, బండల బండి అంటే ఏమిటో మీ జిల్లా మనిషికి వేరే చెప్పక్కర్లేదు. అయినా లెక్క చూద్దాం. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న కడప బండ ఒక్కటి దాదాపు పాతిక కిలోలు తూగుతుంది. 2005లో టాటా ఏస్ తొలిసారి వచ్చినప్పుడు దాని మోత ముప్పావు టన్ను. అంటే ముప్పై బండలతో దాని కోటా అయిపోతుంది. ముప్పై బండలతో బయల్దేరే ఏసును మీరెక్కడైనా చూశారా? వేసవిలో ట్యాంకుతో నీళ్లు తోలే పికప్పుల సంగతీ అంతే. రెండు వేల లీటర్ల ట్యాంకు నిండితే నీళ్లే రెండు టన్నులు, పైగా మలుపు దగ్గర ఆ బరువంతా ఒకవైపుకు ఊగుతుంది. టమాటా బాక్సులు, మేకలు, జాతరలకు మైకు సెట్లు, బండలాగుడు పందేలకు పోయే ఎద్దులు, ఇవన్నీ బండి ఓర్చుకునే బరువులు. రాయి మాత్రం ఓర్వదు. అందుకే కమాన్ కట్టలకు ఒక పట్టీ అదనంగా వేయిస్తారు. కట్ట ఒంపు పోయి చదునైందా, యూ బోల్టులు కొత్తవా, వెనక టైర్లు లోపలి అంచునే అరిగాయా, చాసిస్‌కు మాత్రమే తాజా నల్లరంగు కొట్టారా అన్నది మేస్త్రి ఇందుకే చూస్తాడు. మంచి చాసిస్‌కు ఎవడూ రంగు కొట్టించడు.

ఇంత తెలిసిన మనిషి వెంట ఉండగా నాకెందుకయ్యా ఈ ఉత్తరం అంటారేమో. ఒకసారి ఆయన వెంట లేడు.

మూడేళ్ల కింద మా బామ్మర్ది ఒక బొలెరో పికప్ కొన్నాడు. 2015 మోడల్. రోడ్డు పక్కన పాత బండ్లు పెట్టుకుని అమ్మే ఒక చోట దొరికింది. ఆ రోజు మేస్త్రికి జ్వరం. ఒక్కరోజు ఆగుదామన్నాను. "రేపటికి ఉండదన్నా, ఇంకో పార్టీ బయానా ఇస్తామంటాండారు" అన్నాడు బ్రోకరు. ఆ ఇంకో పార్టీ ఎప్పుడూ ఉంటుంది, ఎప్పుడూ రేపే వస్తుంది. తెలిసి కూడా పడిపోయాం. నేను టైర్లు చూశాను. టైరు పక్కన అచ్చయిన నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అవి చూసి కొత్త టైర్లే అని సంబరపడ్డాను. మూడో గేరులో హ్యాండ్‌బ్రేక్ వేసి క్లచ్ వదిలితే ఇంజిన్ టక్కున ఆగింది, క్లచ్ బాగుందనుకున్నాం. మీటరు అరవై రెండు వేలు చూపించింది. "సింగిల్ హ్యాండ్ అన్నా, సొంత తోటకు తిరిగిన బండి" అన్నాడు. నమ్మాం.

నేను అక్కడే ఆగి ఒక చిన్న భాగహారం చేసి ఉంటే సరిపోయేది. ఎనిమిదేళ్లలో అరవై రెండు వేలు అంటే రోజుకు ఇరవై ఒక్క కిలోమీటర్లు. కిస్తీ కట్టాల్సిన ఏ బండి రోజుకు ఇరవై ఒక్క కిలోమీటర్లు తిరిగి బతుకుతుంది? బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఇనుము కనపడుతోంది, స్టీరింగ్ అద్దంలా మెరుస్తోంది. రెండూ నా కళ్ల ముందే ఉన్నాయి. మీటరు ఒక మాట చెబుతుంటే పెడల్ ఇంకో మాట చెప్పింది. మేం మీటరు మాటే విన్నాం.

నాలుగో నెలలో, లోడుతో ఇదే గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుండగా వెనక కమాన్ కట్ట హ్యాంగర్ చాసిస్ నుంచి ఊడొచ్చింది. దేవుడి దయ, ఎక్కేటప్పుడు అయింది, దిగేటప్పుడు కాదు. తర్వాత మేస్త్రి వచ్చి ఊడిన చోట చూస్తే పాత వెల్డింగు మీద ఇంకో వెల్డింగు, దాని మీద రంగు. చాసిస్ మూలలో గీకి అరచెయ్యి చాపాడు. బూడిదరంగు పిండి. ఆయన తిట్టలేదు. "నాకు జరమొచ్చిన దినమే దొరికిందా మీకు" అని మాత్రం అన్నాడు.

మంత్రి గారూ, మా తాతల కాలంలో ఎమ్మిగనూరు జాతరలో ఎద్దులు కొనేవాళ్లు. అక్కడా దళారులే, అక్కడా తువ్వాల కింద వేళ్లతో బేరమే, అక్కడా మాయలే. అయినా కొనేవాడు నోరు తెరిపించి పళ్లు చూసేవాడు. రెండు పళ్లా, నాలుగు పళ్లా, ఆరు పళ్లా. దళారి ఎంత మాటకారి అయినా పళ్లను దాచలేడు. మా బామ్మర్ది కొన్న బండికీ పళ్లున్నాయి. అవి మీ శాఖ దగ్గరున్నాయి.

రవాణా బండి కొత్తప్పుడు రెండేళ్లకు ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఇస్తారు. ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి మళ్లీ చేయించుకోవాలి. అంటే మేం కొనేనాటికి ఆ పికప్ మూడు నాలుగుసార్లయినా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడి ఉంటుంది. ఎవరో దాని బ్రేకులు చూశారు, లైట్లు చూశారు, కిందికి వంగి చూశారు. ఆ రోజు మీటరులో ఏదో ఒక అంకె ఉంది. అప్పుడు చూసినవాళ్లను నేను తప్పుపట్టను. ఆనాటికి అది బాగానే ఉండి ఉండొచ్చు, వెల్డింగు తర్వాత పడి ఉండొచ్చు. నా బాధ వేరు. ఇన్నిసార్లు చూసినదాంట్లోంచి కొనేవాడికి దక్కేది ఒక్క ముక్క: ఎఫ్‌సీ ఫలానా తేదీ వరకు ఉంది. ఎద్దు పళ్లు మీరు లెక్కపెట్టి, మాకు "ఈ ఎద్దు ఎద్దే" అని రాసిచ్చినట్టుంది.

ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే కనపడేది నాకు తెలుసు. చుక్కలు పెట్టిన యజమాని పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ గడువులు. అది మంచి పనే, కాదనను. కాగితాల వరకు జాగ్రత్తపరుడు ఇవాళ మోసపోకుండా బయటపడొచ్చు. ఫైనాన్స్ ఉంటే కంపెనీ నుంచి ఎన్‌వోసీ, ఫారం 35 చేతికి రాకుండా డబ్బు ఇవ్వొద్దని, ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించి జేబులో పెట్టుకుని తిరగకుండా వెంటనే పేరు మార్పించుకోవాలని మా వాళ్లకు చెబుతూనే ఉంటాను. సంతకాలు పెట్టిచ్చి చేతులు దులుపుకునే అమ్మకందారుకు కూడా ఒక మాట చెబుతాను. రికార్డులో పేరు మారనంత వరకు ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత పాత యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. ఊళ్లల్లో చాలామందికి ఇది తెలియదు. బండి అమ్మేసిన రోజే పీడ వదిలిందనుకుంటారు.

పేరు మారుతుంది, కిస్తీ తీరుతుంది. బండి ఒళ్లు మాత్రం కాగితంలోకి రాదు.

ఈ సమయంలోనే ఎందుకు రాస్తున్నానంటే, సంతకు రాబోయే బండ్లు మామూలువి కావు. 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ కోసం రాష్ట్రమంతా 9,260 చిన్న బండ్లు దించారు. కొన్ని టాటా ఏస్ గోల్డులు, కొన్ని మారుతీ సూపర్ క్యారీలు. 2025 జూన్ నుంచి రేషన్ మళ్లీ షాపులకు పోయింది, బండ్లను నడిపిన వాళ్లకే వదిలేస్తామని ప్రభుత్వం చెప్పింది. వాటిలో కొన్నయినా చేతులు మారతాయి. "రేషన్ బండన్నా, ఊరు దాటలేదు" అంటాడు బ్రోకరు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ బియ్యం బస్తాలతో వీధి వీధికీ ఆగి, మొదటి గేరులో పాకి, మళ్లీ ఆగిన బండి క్లచ్ ఏమవుతుంది? మీటరులో కిలోమీటర్లు తక్కువే ఉంటాయి, అరుగుదల మాత్రం ఎక్కువ ఉంటుంది. పక్క తలుపులు కోసి బిగించిన బాడీ మార్పులు ఆర్సీలో ఉన్నాయో లేదో చూడాలి. మెడ మీద ఎవరి అప్పు ఉందో చూడాలి.

ఇంకో రకం ఉంది, నీళ్లు తాగిన బండ్లు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు చూశాం, 2021 నవంబరులో అన్నమయ్య డ్యాం తెగి రాజంపేట వైపు పల్లెలు కొట్టుకుపోయినప్పుడు చూశాం, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడూ చూశాం. అలా మునిగి తేలిన బండిని కడిగి, ఆరబెట్టి, వానలు తక్కువ పడే మా డోన్ వైపు తెచ్చి నిలబెడితే ఎవరికి అనుమానం వస్తుంది? సీటు పట్టాల కింద, ఫ్యూజుల పెట్టెలో, సీటు బెల్టును చివరిదాకా లాగితే వచ్చే మడతలో ఒండ్రు మట్టి దొరుకుతుంది. వెతకాలని తెలిస్తేనే.

కాబట్టి నా కోరిక ఒక్కటే. ప్రతి ఎఫ్‌సీ నాడు బండి మీటరు అంకె రాయించండి. ఆ రోజు పరీక్షలో తేలినదాన్ని, పాసైందా, దేనిలో ఫెయిలై వెనక్కిపోయి మళ్లీ వచ్చింది, బ్రేకు ఎంత పట్టింది అన్నదాన్ని, బండి నంబరు కొడితే ఎవరికైనా తెలుగులో కనపడేలా పెట్టండి. యజమాని పేరు నాకొద్దు, ఫోను నంబరు వద్దు, చుక్కలు అలాగే ఉండనివ్వండి. నేను మనిషి చరిత్ర అడగడం లేదు, ఇనుము చరిత్ర అడుగుతున్నాను. కేంద్రం నిబంధనల ప్రకారం ఎఫ్‌సీ పరీక్షలు కంటిచూపు నుంచి యంత్రాల మీదికి, ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకు మారుతున్నాయి. ఆ స్టేషన్ల మీద లారీ యజమానులకు ఫిర్యాదులున్నాయి, అది వేరే ఉత్తరం. కానీ రోలర్ల మీద చక్రం తిప్పి బ్రేకును అంకెలో కొలిచే యంత్రం ఎలాగూ పెడుతున్నప్పుడు, ఆ అంకెను ఫైల్లో పాతిపెట్టడం ఎందుకు?

ఇది ఎక్కడా లేని వింత కాదు. బ్రిటన్‌లో పాత బండి కొనేవాడు నంబరు కొడితే, అది ఏటేటా పరీక్షకు వచ్చిన రోజు మీటరు ఎంత ఉంది, ఏ లోపంతో ఫెయిలైంది అన్నది ప్రభుత్వ వెబ్‌సైట్లో పైసా ఖర్చు లేకుండా కనపడుతుంది. బెల్జియంలో 2006 నుంచి కార్‌పాస్ అనే కాగితం ఉంది. వర్క్‌షాపుకు పోయిన ప్రతిసారీ, పరీక్షకు పోయిన ప్రతిసారీ మీటరు అంకె అందులోకి చేరుతుంది. అది ఇవ్వకుండా కారు అమ్మితే కొన్నవాడు ఆ బేరాన్నే రద్దు చేయించుకోవచ్చు. బెల్జియం ఏదో మహాదేశం అనుకోకండి. మన పాత కర్నూలు, పాత కడప జిల్లాలు రెండూ కలిపితే దానికంటే కాస్త పెద్దవే.

బ్రోకర్లు గొడవ చేస్తారు, నిజమే. పాత బండ్ల ధర పడిపోతుందని భయపెడతారు. పడిపోయేది బండల బండి ధర. తోటకు మాత్రమే తిరిగిన బండి ధర పెరుగుతుంది, ఎందుకంటే ఆ మాట నిజమని ఇప్పుడు నిరూపించుకునే దారి దాని యజమానికి లేదు. 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త పాత కార్ల సంత మీదే ఒక వ్యాసం రాశాడు. మంచి బండేదో చెడ్డదేదో కొనేవాడికి తెలియనప్పుడు రెండింటికీ మధ్య ధరే ఇస్తాడు, ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు, చివరికి సంతలో చెడ్డవే మిగులుతాయి అన్నది దాని సారం. ఆయనకు 2001లో నోబెల్ వచ్చింది. మా తాత బడికి పోలేదు గానీ ఇదే మాట చెప్పేవాడు, మంచి ఎద్దును ఇంట్లో కట్టేసుకుని పొడిచే ఎద్దును సంతకు తోలతారని.

పాత బండ్ల డీలర్లు మీ శాఖ దగ్గర అనుమతి తీసుకోవాలని, తమ చేతిలో ఉన్న బండి ఎక్కడెక్కడ తిరిగిందో రాసిపెట్టాలని కేంద్రం 2022 డిసెంబరులో నిబంధన తెచ్చింది, 2023 ఏప్రిల్ నుంచి అమలు అన్నారు. బైపాస్ పక్కన చెట్టు కింద నాలుగు బండ్లు పెట్టుకున్నవాడి దాకా అది వచ్చిందేమో మీ అధికారులను ఒకసారి అడగండి. కుదిరితే ఇంకొకటి. బేరం కుదరకముందు కొనేవాడూ అమ్మేవాడూ కలిసి రుసుము కట్టి బండిని టెస్టింగ్ స్టేషన్లో ఒకసారి చూపించుకునే వీలు కల్పించండి. ఎఫ్‌సీ కోసం కాదు, బండి పరిస్థితి రాసిన చీటీ కోసం. మేస్త్రి జ్వరం వచ్చి పడుకున్న రోజున అది పనికొస్తుంది.

మా బామ్మర్ది పికప్‌కు కొత్త చాసిస్ పట్టీ వేయించాం. ఇంజిన్ నిజంగానే మంచిది, అది ఒప్పుకోవాలి. ఇప్పుడది టమాటాలు తప్ప ఏమీ మోయదు. కిస్తీలు ఇంకా పద్నాలుగు ఉన్నాయి. వాడి కొడుకు డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క, వచ్చే ఆదివారం నంద్యాలలో ఒక దోస్త్ చూడ్డానికి పోతున్నాడు. మేస్త్రి ఈమధ్య మంచం దిగడం లేదు, తన స్క్రూడ్రైవర్ మాత్రం పిల్లోడికి ఇచ్చి పంపాడు. నిన్న రాత్రి వాడు నా పక్కన కూర్చుని ఫోన్లో ఆ బండి నంబరు కొట్టాడు. ఎఫ్‌సీ వచ్చే మార్చి వరకు ఉందని చూపించింది. "ఇంకేం లేదా మామా?" అని వేలితో పైకీ కిందికీ జరిపాడు. ఇంకేం లేదు.

ఇట్లు,
డోన్ నుంచి ఒక పాత బండి బాధితుడు